టోపీకి రెక్కలు ఎవరి కోసం?

(స్మారకోపన్యాసం)



గురువుగారి పాండిత్యం గురించి చెప్పవలసినదంతా నాకు ముందు ఈ వేదిక మీద మాట్లాడిన పెద్దలు చెప్పారు. ఆ మాటల కింద నా సంతకం కూడా ఉందనుకోండి. నేను అదనంగా చెప్పగలిగింది చిన్న విషయం. ఆయన నా వ్యాసాల అంచుల్లో పెన్సిల్‌తో రాసేవారు. ‘బాగుంది’ అని ఎన్నడూ రాయలేదు. నమ్మబుద్ధి కాని వాక్యం కింద సన్నటి గీత గీసి ‘ఎవరు చెప్పారు?’ అని వేసేవారు. వాళ్ల పెరట్లో నిమ్మచెట్టు పక్కన కూర్చుని ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్న సాయంత్రాల వల్లే నేను ఈ చదువులో నిలబడ్డాను. హెర్మీస్ టోపీ దగ్గర మాత్రం మాకు చివరిదాకా పొసగలేదు. ఆ రెక్కలు శిల్పులకు అలవాటైన అలంకారమనీ, వాటికి అర్థం కట్టబెట్టడం వృథా శ్రమ అనీ ఆయన అనేవారు. అది సరికాదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఆయన పేరిట జరిగే సభలో ఆ వాదాన్ని మెత్తబరిచి చెప్పడం ఆయనకు గౌరవం కాదు.

అందరికీ తెలిసినవి త్వరగా దాటేస్తాను. హెర్మీస్ జ్యూస్‌కూ మాయాకూ పుట్టినవాడు. పుట్టిన రోజే అపోలో ఆవులను తోలుకుపోయినవాడు. దేవతల దూత, బాటసారులకూ వర్తకులకూ దొంగలకూ దిక్కు, చనిపోయినవాళ్లను పాతాళానికి నడిపించేవాడు. రోమన్లు తమ మెర్క్యురీని ఇతనితో ఒకటి చేశారు. చేతిలోని పాముల దండం సంగతి మరో సభకు వదిలేస్తాను. టోపీని గ్రీకులు పెటసోస్ అన్నారు. ఉన్నిని తడిపి, ఒత్తి చేసిన వెడల్పు అంచు టోపీ అది. గడ్డం కింద తాడు ఉంటుంది, అక్కర్లేనప్పుడు వీపు మీదికి జార్చుకోవచ్చు. ఎండలో, వానలో దారి నడిచే మామూలు మనిషి పెట్టుకునేది.

చేతి పుస్తకాలన్నీ ఒకే మాట చెబుతాయి: హెర్మీస్ వేగంగా ఎగురుతాడు కనుక అతని టోపీకి రెక్కలున్నాయని. మనం తరగతుల్లో చెబుతున్నదీ ఇదే. ఎవరు చెప్పారు?

హోమర్ చెప్పలేదు. ‘ఇలియడ్’ 24వ సర్గలోనూ, ‘ఒడిస్సీ’ 5వ సర్గలోనూ హెర్మీస్ ప్రయాణానికి సిద్ధమయ్యే ఘట్టం దాదాపు అవే మాటల్లో వస్తుంది. నేల మీదా నీటి మీదా గాలి వేగంతో మోసుకుపోయే బంగారు చెప్పులు తొడుక్కుంటాడు, మనుషులను నిద్రపుచ్చే, లేపే దండం పట్టుకుంటాడు. టోపీ ఊసే లేదు. ‘ఈనియడ్’ 4వ సర్గలో వర్జిల్ మెర్క్యురీకి బంగారు చెప్పులూ, వాటికి రెక్కలూ, చేతికి దండమూ ఇచ్చాడు. అక్కడా టోపీ లేదు. కవులు ఎగరడం గురించి చెప్పదలచుకున్నప్పుడల్లా పాదాల వైపే చూశారు.

శిల్పులూ అంతే. హెర్క్యులేనియంలో 1758లో బయటపడి ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్న కూర్చున్న హెర్మీస్ కంచు విగ్రహాన్ని చూడండి. చీలమండల దగ్గర రెక్కలున్నాయి. వాటి పట్టీలను అరికాలి కింద పువ్వు ఆకారపు బిళ్లతో బిగించారు. అంటే ఆ కాళ్లతో అతను నడవలేడు, ఎగరడమే. వేగమనే భావాన్ని ఇంత సూక్ష్మంగా ఆలోచించిన శిల్పి తలను బోడిగా వదిలేశాడు. వేగం చెప్పడానికి తల మీది రెక్కలు అవసరమే అయితే, వాటిని అందరికన్నా ముందు పెట్టవలసినవాడు ఇతనే.

ఇక పార్థెనాన్ ఆలయం తూర్పు వైపు శిల్పాల పట్టీ. అక్కడ హెర్మీస్ ఒళ్లో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. రాతిలో చెక్కిన రెక్కలు ఆ టోపీకి లేవు. రంగుతో వేసి ఉండవచ్చు కదా అంటారు. ఉండవచ్చు. అయితే అదే పట్టీ మిగతా వైపుల్లో గుర్రాల మీద వెళ్లే ఏథెన్స్ కుర్రవాళ్లలో కొందరి తల మీద ఉన్నదీ ఇదే టోపీ అన్నది మరవకూడదు. ఆ పట్టీలోని దేవుళ్లలో మనుషుల టోపీ ఉన్నది ఇతనొక్కడి దగ్గరే. నా వాదానికి మూలం ఇది. దండం దూతది, చెప్పులు దేవుడివి, టోపీ దారిన పోయే ఎవరిదైనా కావచ్చు. అలాంటి టోపీ పెట్టుకున్నవాణ్ణి దేవుడని పోల్చుకోవడం ఎలా? టోపీ మీద రెక్కలు పుట్టింది ఈ చిక్కులో నుంచి. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఎర్రబొమ్మల కుండల మీద టోపీకి రెక్కలున్న హెర్మీస్ కనిపిస్తాడు, లేనివాడూ కనిపిస్తాడు. ఉంటే ఎగురుతున్నాడనీ, లేకుంటే నడుస్తున్నాడనీ కాదు. నిలబడి ఉన్నవాడికీ రెక్కలు వేశారు.

రెక్కలు పోల్చుకునే గుర్తు అనడానికి నా దగ్గర ఒక ప్రాచీన సాక్షి ఉంది. గురువుగారు ఒప్పుకోని సాక్షి.

ప్లాటస్ రాసిన ‘ఆంఫిత్రువో’ నాటకం. జుపిటర్ ఆంఫిత్రువో రూపం ధరించి అతని భార్య దగ్గరికి వెళతాడు. తోడు వచ్చిన మెర్క్యురీ ఆ ఇంటి దాసుడు సోసియా వేషంలో గుమ్మం కాస్తాడు. వేదిక మీద ఇద్దరు ఆంఫిత్రువోలు, ఇద్దరు సోసియాలు. ప్రేక్షకులు తికమకపడకుండా ప్రస్తావనలోనే మెర్క్యురీ ఏర్పాటు చెబుతాడు. తన టోపీకి చిన్న రెక్కలుంటాయి, తండ్రి టోపీ కింద బంగారు కుచ్చు ఉంటుంది, అసలు ఆంఫిత్రువోకు ఆ గుర్తు ఉండదు. ఈ గుర్తులు ఇంట్లోవాళ్లెవరికీ కనబడవు, మీకు మాత్రం కనబడతాయి అని ప్రేక్షకుల వైపు తిరిగి చెబుతాడు.

ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? కథలోని పాత్రలకు ఆ రెక్కలు లేవు, చూసేవాడికే ఉన్నాయి. ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి నడకలో, చూపులో మనం పోల్చుకుంటాం, పెళ్లివారు పోల్చుకోలేరు. సావిత్రి నడక చేసిన పనిని రోము వేదిక మీద ఆ చిన్న రెక్కలు చేశాయి.

అది హాస్యనాటకంలో ఒక వెసులుబాటు, దాన్ని పట్టుకుని కళాచరిత్ర రాయకూడదని గురువుగారు అనేవారు. ఈ అభ్యంతరం నిలవదు. ప్రేక్షకులకు అంతకుముందే తెలిసిన గుర్తునే నటుడు వాడుకోగలడు, కొత్త గుర్తును కనిపెట్టి తికమక పోగొట్టలేడు. రోమన్లకు ఆ గుర్తు ఎక్కడ తెలిసింది? వాళ్ల డబ్బు సంచుల్లో. క్రీ.పూ. 211 ప్రాంతంలో దేనారియస్ అనే వెండి నాణెం వచ్చినప్పుడు, దానితోపాటు చలామణిలో ఉన్న సెక్స్‌టాన్స్ అనే చిన్న కంచు నాణెం మీద రెక్కల టోపీతో మెర్క్యురీ తల ఉంది, రెండో వైపు ఓడ ముక్కు ఉంది. విలువను చెప్పేవి రెండు చుక్కలు. ఆస్ అనే నాణెంలో ఆరో వంతు విలువ దానిది. అంత చిల్లర డబ్బు అందరి చేతుల్లోనూ ఆడుతుంది. ప్లాటస్ క్రీ.పూ. 184లో పోయాడని సిసెరో రాశాడు. ఆ లెక్కన ‘ఆంఫిత్రువో’ మొదటి ప్రేక్షకుల్లో చాలామంది రెక్కల టోపీని బజారులో చూసి నాటకానికి వచ్చినవాళ్లే.

ప్లాటస్ ప్రస్తావనల్లో తర్వాతి ప్రదర్శనల నాటి చేర్పులున్నాయి, ‘కాసీనా’ ప్రస్తావనే అందుకు సాక్ష్యం, కనుక ఇదీ చేర్పే కావచ్చు అన్న అభ్యంతరమూ రావచ్చు. అలాగే అనుకుందాం. అప్పుడు ఆ వాక్యాలు ప్లాటస్‌వి కాకుండా, నాటకాన్ని మళ్లీ ఆడించిన ఎవరో రంగస్థల నిర్వాహకుడివి అవుతాయి. ప్రేక్షకులకు ఏ గుర్తు అర్థమవుతుందో కవికన్నా బాగా తెలిసినవాడు అతను. నా సాక్షి బలపడతాడే గాని బలహీనపడడు.

ఆవిడ్ ఇంకో వైపు నుంచి ఇదే చెబుతాడు. ‘మెటమార్ఫోసెస్’ మొదటి సర్గలో, ఆవుకు కాపలా కాస్తున్న ఆర్గస్‌ను చంపడానికి బయలుదేరిన మెర్క్యురీ పాదాలకు రెక్కలు, చేతికి దండం, జుట్టు మీద టోపీ పెట్టుకుంటాడు. నేల మీద దిగగానే టోపీ తీసేస్తాడు, రెక్కలు విప్పేస్తాడు, దండమొక్కటే ఉంచుకుని మేకల కాపరిలా నడుస్తాడు. ఇక్కడ రెక్కలు, టోపీ వేర్వేరు వస్తువులు. ఎగరడం అయిపోయింది కనుక రెక్కలు విప్పాడు, సరే. టోపీ ఎందుకు తీశాడు? మేకల కాపరికి ఎండ టోపీ ఉంటే తప్పేముంది? ఆ టోపీ తనను పట్టిస్తుంది కనుక తీశాడు.

ఇప్పుడు వెలాస్కెజ్‌ను తీసుకోండి. 1659 ప్రాంతంలో మాడ్రిడ్ రాజప్రాసాదంలోని అద్దాల మందిరం కోసం ఆయన వేసిన ‘మెర్క్యురీ, ఆర్గస్’ చిత్రం ఇప్పుడు ప్రాడోలో ఉంది. 1734 అగ్నిప్రమాదంలో దాని తోటి చిత్రాలు బూడిదయ్యాయి, ఇదొక్కటి మిగిలింది. ఆర్గస్ తల వాల్చి నిద్రపోతున్నాడు. మెర్క్యురీ నేల మీద పాకుతున్నట్టుగా లేస్తున్నాడు, వెనుక ఆ ఆవు. ఆవిడ్ కథ ప్రకారం ఇక్కడ టోపీ ఉండకూడదు. వెలాస్కెజ్ దాన్ని తెచ్చి, రెక్కలతో సహా అతని తల మీద పెట్టాడు. ఎగిరే ఘట్టం కాదు, వేగమూ కాదు, నేలబారు హత్య. రెక్కలు తీసేస్తే అక్కడ మిగిలేది ఇద్దరు పేద మనుషులు. ఆర్గస్ చూడని ఆ రెక్కలను చూసేవాళ్లం మనం మాత్రమే. ప్లాటస్ ప్రస్తావనను ఇంత నిజాయితీగా రంగుల్లో వేసినవాడు మరొకడు లేడు. ఆ బొమ్మ ముందు నిలబడితే నాకు గొంతు పూడుకుపోతుంది.

జాన్ బొలోన్యా 1580 ప్రాంతంలో చేసిన ప్రసిద్ధ కంచు మెర్క్యురీని, ఫ్లోరెన్స్ బార్జెల్లోలో గాలిదేవుడి ఊపిరి మీద ఒంటికాలితో నిలబడినవాణ్ణి, వేగవాదులు తమ సాక్షిగా తెస్తారు. అతనికి పాదాలకూ రెక్కలున్నాయి, టోపీకీ ఉన్నాయి. ఆ విగ్రహాన్ని పైకి లేపుతున్నది గాలి, చాచిన చెయ్యి, వెనక్కి లేచిన కాలు. టోపీ రెక్కలు తీసినా అతను ఎగురుతూనే ఉంటాడు.

గుర్తుకు ఎంత బలమో చెప్పడానికి అమెరికా పది సెంట్ల నాణెం చాలు. 1916లో ఆడాల్ఫ్ వైన్‌మన్ దాని మీద స్వేచ్ఛాదేవి తల చెక్కి, ఆలోచనా స్వేచ్ఛకు సంకేతంగా టోపీకి రెక్కలు పెట్టాడు. జనం దాన్ని మెర్క్యురీ నాణెం అనే పిలిచారు, ఇప్పటికీ అలాగే అంటున్నారు. శిల్పి ఉద్దేశాన్ని ఆ రెక్కలు పక్కకు నెట్టేశాయి. వట్టి అలంకారానికి ఇంత శక్తి ఉండదు.

ఇంత దూరం వచ్చాక నేను ఇప్పుడు చేస్తున్న పని గురించి చెప్పాలి. ఈ వాదమంతా అక్కడికే నడిపిస్తోంది.

హెర్మీస్ తూర్పుకు నిజంగానే వచ్చాడు. అఫ్ఘానిస్తాన్ ఉత్తరాన ఆమూ దర్యా ఒడ్డున అయ్ ఖనూమ్ అనే గ్రీకు నగరాన్ని ఫ్రెంచి పురావస్తు బృందం తవ్వింది. అక్కడి వ్యాయామశాలలో ఇద్దరు అన్నదమ్ములు, త్రిబలోస్, స్ట్రాటోన్, హెర్మీస్‌కూ హెరక్లీస్‌కూ చేసిన సమర్పణ శాసనం దొరికింది. బాక్ట్రియా రాజు డెమెట్రియస్ నాణెం మీద ఒక వైపు ఏనుగు తల, రెండో వైపు హెర్మీస్ దండం. ఆ తర్వాత కుషాణుల కాలం. హువిష్కుడి నాణేల మీద ఫర్రో అనే దేవుడున్నాడు, రాజతేజస్సుకూ సంపదకూ అధిదేవత, ఇరాన్ సంప్రదాయానికి చెందినవాడు. కొన్ని ముద్రల్లో అతని తల మీద రెక్కలున్నాయి, చేతిలో డబ్బు సంచి ఉంది. రోము మెర్క్యురీ చేతిలో ఉండేదీ డబ్బు సంచే. మెర్క్యురీ ప్రతిమ ఇక్కడ కొత్త పేరుతో పని చేసిందని చాలామంది పండితులు గుర్తించారు. జపాను పండితుడు కత్సుమి తనబె ఇంకా ముందుకు వెళ్లి, వైశ్రవణుడి కిరీటానికి ఉన్న రెక్కలకూ ఫర్రోయే మూలమని వాదించాడు. మన కుబేరుడు బౌద్ధుల దారిన తూర్పు ఆసియాకు వెళ్లేటప్పుడు ఆ రెక్కలు తగిలించుకుని వెళ్లాడన్నమాట.

ఈ ప్రయాణాన్ని వేగంతో వివరించలేం. ఫర్రో దూత కాడు, అతను మోసుకుపోవలసిన కబురేదీ లేదు. అలంకారమనీ చెప్పలేం. దేవతా ప్రతిమలను అంత ఆలోచించి ఎంచుకున్న కుషాణు టంకశాల అర్థం లేని రెక్కను ఎందుకు దిగుమతి చేసుకుంటుంది? వర్తకుల దేవుణ్ణి చూసేవాడికి చూపించే గుర్తుగానే అది అక్కడికి చేరింది.

నాణెం మీద పేరు గ్రీకు లిపిలో చెక్కే ఉంది కదా, ఇంక గుర్తు దేనికి అని ఒక యువ మిత్రుడు ఈ మధ్య నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. ఆ నాణేలు బాక్ట్రియాలోనే ఉండిపోలేదు, గంగా మైదానం దాకా వచ్చాయి. మథురలో బ్రాహ్మీ చదివేవాడికి గ్రీకు అక్షరాల్లో ఉన్న బాక్ట్రియా పలుకు ఏమి తెలుస్తుంది? అతని చేతికి వచ్చేది బొమ్మే. సంచి అతనికి తెలుసు, కుబేరుడి చేతిలో చూశాడు. రెక్కను అతను ఏమనుకున్నాడన్నది నేను ఇప్పుడు వెతుకుతున్న విషయం.

అందుకే నాణేల జాబితాలు తయారుచేసేవారికి ఈ వేదిక మీద నుంచి ఒక విన్నపం. ‘రెక్కల శిరోభూషణం’ అని ఒకే మాటతో సరిపెట్టకండి. రెక్క టోపీ అంచుకు ఉందా, తలపట్టీకి ఉందా, నేరుగా జుట్టులో నుంచి వచ్చిందా, ఒకటా, రెండా, ముందుకు వాలిందా, వెనక్కా అన్నది ప్రతి ముద్రకూ విడిగా రాయండి. టోపీ మీది రెక్క అయితే ఆ ముద్ర చెక్కినవాడి ఎదుట రోము నమూనా ఉందని చెప్పవచ్చు. తలపట్టీ మీదిదైతే ఇరాన్ రాజుల కిరీటాల వైపు చూడాలి. అరిగిపోయిన నాణేల మీద ఈ తేడా ఫొటోల్లో తేలదు, పక్క వెలుతురులో చేత్తో తిప్పి చూడాలి. హువిష్కుడి ఫర్రో ముద్రలతో ఆ పని మొదలుపెట్టాను. నాణేలు చదవడం వచ్చిన విద్యార్థులు ఎవరైనా ఈ సభలో ఉంటే, సభ అయ్యాక వచ్చి నన్ను కలవండి.