ప్రెప్‌కి వెళ్ళే పిల్లకు ముందు ఏం సర్దాలి?

(మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని మన కుటుంబాల నవంబర్ సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలూ, అన్నలూ, ఈమధ్యే వచ్చిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆదివారం షిఫ్టులు మార్చుకుని మరీ వచ్చారు. అందుకని మీ టైం ఎక్కువ తీసుకోం.

మా గురించి రెండు ముక్కలు. మేమిద్దరం టార్నీట్‌లో ఉంటాం. ఒకరిది గోడౌన్‌లో రాత్రి పని, ఇంకొకరిది ఏజ్డ్ కేర్‌లో పొద్దుటి పని. మా పెద్దపిల్ల ఈ ఏడాది మొదట్లో ప్రెప్‌లో చేరింది. వచ్చే జనవరి ఆఖర్లో మీలో చాలామంది పిల్లలు చేరబోతున్నారు. "ఏమేం కొనాలో లిస్టు చెప్పండి" అని అడిగారు. చెప్తాం. కానీ కొనేవాటి లిస్టు చిన్నది. దుకాణంలో దొరకనివాటి లిస్టే పెద్దది. మేం తప్పులు చేసింది కూడా అందులోనే.

ముందు పేర్ల సంగతి. మన విక్టోరియాలో బడి మొదటి ఏడాదిని ప్రెప్ లేదా ఫౌండేషన్ అంటారు. దానికి ముందుది కిండర్. సిడ్నీ వైపు మొదటి ఏడాదినే కిండర్‌గార్టెన్ అంటారు. సౌత్ ఆస్ట్రేలియాలో రిసెప్షన్, వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ప్రీ ప్రైమరీ. ఉద్యోగం మారి రాష్ట్రం మారేవాళ్ళు ఈ పేర్లతో తికమకపడకండి. వయసు లెక్క కూడా మారుతుంది. ఇక్కడ ఏప్రిల్ 30 నాటికి అయిదేళ్ళు నిండాలి. న్యూ సౌత్ వేల్స్‌లో జులై 31, క్వీన్స్‌లాండ్‌లో జూన్ 30. మన విక్టోరియాలో ఆరేళ్ళు వచ్చేసరికి మాత్రం పిల్ల బడిలో ఉండి తీరాలి.

జనవరి నుంచి ఏప్రిల్ లోపు పుట్టిన పిల్లలున్నవాళ్ళకు ఒక మాట. "మావాడు ముందే చేరాడు" అని చెప్పుకోవడం మనకు బాగుంటుంది. చేర్చవచ్చు కూడా. కానీ ముందు కిండర్ టీచర్‌ని అడగండి. రోజూ పిల్లని ఇరవైమంది మధ్యలో చూసేది ఆవిడే. నాలుగేళ్ళ పిల్లలకు ఇక్కడ కిండర్ వారానికి 15 గంటలు ఉచితం. దాన్ని వదులుకోకండి. ఏడాది చివర కిండర్ టీచర్ పిల్ల గురించి ఒక నివేదిక రాసి బడికి పంపుతారు. అందులో తల్లిదండ్రులు రాయడానికి కూడా ఒక భాగం ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేయకండి.

ఇక కాగితాలు. పుట్టిన తేదీ రుజువు, పాస్‌పోర్టు, వీసా, అడ్రసు రుజువు, టీకాల పత్రం. టీకాల దగ్గర మనవాళ్ళు చాలామంది ఆగిపోతారు. గుంటూరులోనో వరంగల్‌లోనో వేయించిన టీకాల కార్డు ఇస్తే ఇక్కడ చాలదు. దాన్ని జీపీ దగ్గరికి తీసుకెళ్ళి ఆస్ట్రేలియన్ ఇమ్యునైజేషన్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆ తర్వాత వచ్చే స్టేట్‌మెంటే బడికి కావాలి. మెడికేర్ లేనివాళ్ళు కూడా ఆ స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు. నాలుగేళ్ళకు వేసే బూస్టర్ బాకీ ఉంటే అదీ అప్పుడే బయటపడుతుంది. సెలవుల్లో జీపీ దొరకడం కష్టం, కాబట్టి ఈ నెలలోనే వెళ్ళండి. ఇంకోటి, ప్రభుత్వ బడుల్లో కూడా కొన్ని వీసాల మీదున్నవాళ్ళ పిల్లలకు ఫీజు ఉంటుంది. మీ వీసా నంబరు చెప్పి చేర్చకముందే అడగండి. పక్కింటివాళ్ళకు లేదు కదా అని మనకూ ఉండదనుకోవద్దు.

ఇప్పుడు మేం చేసిన పెద్ద తప్పు చెప్తాం. చేరిక ఫారంలో "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అని ఉంటుంది. మేం ఆలోచించి ఆలోచించి "ఇంగ్లీష్" అని రాశాం. ఎందుకంటే భయం. తెలుగు అని రాస్తే పిల్లని వెనకబెంచీలో కూర్చోబెడతారేమో, తక్కువగా చూస్తారేమో అని. ఇంట్లో ఇంగ్లీష్ ఎంత ఉందో మాకు తెలుసు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి "అమ్మలూ, లేచావా?" అంటామే గానీ ఇంకోలా ఎందుకంటాం?

పిల్ల బడికెళ్ళింది. నెలరోజులు క్లాసులో నోరు విప్పలేదు. టీచర్ మమ్మల్ని పిలిచి చాలా మర్యాదగా అడిగింది. "ఇంట్లో ఇంగ్లీషే కదా, అయినా మాట్లాడటం లేదు. వినికిడి పరీక్ష చేయించారా? మాటల్లో ఆలస్యం ఏమైనా ఉందా?" మా ఇద్దరికీ తల తిరిగిపోయింది. ఇంట్లో పొద్దస్తమానం గలగలా మాట్లాడే పిల్ల! అప్పుడు చెప్పాం, ఇంట్లో అంతా తెలుగే అని. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "ముందే రాసి ఉంటే బాగుండేది. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్నాళ్ళు మాట్లాడకుండా వింటారు, అది మామూలే" అంది. ఫారం దిద్దించాం. ఈఏఎల్, అంటే ఇంగ్లీషు అదనపు భాషగా నేర్చుకునే పిల్లలకిచ్చే సాయం, అప్పుడు మొదలైంది. రెండో టర్మ్ సగానికి వచ్చేసరికి మా అమ్మాయి క్లాసులో పక్కపిల్ల మీద ఫిర్యాదు చేసే దాకా వచ్చింది!

ఇందులో తప్పు బడిది కాదు, మాది. పిల్ల గురించి అబద్ధపు సమాచారం ఇచ్చింది మేమే. ఒకటి ఆలోచించండి. పీఆర్‌కి అయిదు పాయింట్లు వస్తాయని నాటీ సీసీఎల్ పరీక్షకు మనం తెలుగు కూర్చుని చదువుతాం. అక్కడ తెలుగు పనికొచ్చింది. పిల్ల ఫారంలో మాత్రం దాచిపెడతాం. 2021 జనాభా లెక్కల్లో ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు 59 వేలమంది. అంతమందిలో మన పిల్ల ఒక్కతే వింతగా కనపడదు. "తెలుగు" అని రాయండి. మీకు ఇంగ్లీషులో మాట్లాడటం ఇబ్బందైతే టీచర్‌తో మాట్లాడే రోజున దుబాసీ కావాలని బడిని ముందే అడగండి. మీరే ఫోన్ చేయాలంటే టిస్ నేషనల్ 131 450 ఉంది. తెలుగు అని చెప్పండి.

అలాగే ఎలర్జీ, ఉబ్బసం, చూపు, వినికిడి, ఇంకా పక్క తడపడం, ఏదీ దాచకండి. ప్రెప్ పిల్లల తల్లిదండ్రులకు స్కూలు నర్సుల కార్యక్రమం నుంచి ఆరోగ్య ప్రశ్నపత్రం వస్తుంది. అందులో ఏదైనా రాస్తే వీసాకు ఇబ్బంది అని ఎవరో అన్నారని కొందరు ఖాళీగా పంపారు. అది పిల్లకు కళ్ళద్దాలు కావాలేమో తెలుసుకోవడానికి అడిగే కాగితం.

ఇప్పుడు కొనేవి. యూనిఫాం రెండు జతలు, బడి టోపీ, A4 పుస్తకం మడత పడకుండా పట్టే సంచి, వెల్క్రో బూట్లు, నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా, అదనంగా ఒక జత లోదుస్తులు, సాక్సులు. అంతే. అన్నీ కొత్తవే కానక్కర్లేదు. చాలా బడుల్లో వాడిన యూనిఫాంలు తక్కువ ధరకు అమ్ముతారు. మరీ ఇబ్బందిగా ఉంటే స్టేట్ స్కూల్స్ రిలీఫ్ అనే సంస్థ యూనిఫాం, బూట్లు ఇస్తుంది. నేరుగా కాదు, బడి ద్వారా అడగాలి. అడగడానికి సిగ్గుపడకండి. ప్రభుత్వ బడి పంపే డబ్బుల చీటీలో "వాలంటరీ" అని ఉంటే అది స్వచ్ఛందం. ఇవ్వగలిగితే ఇద్దాం. ఇవ్వలేకపోతే పిల్లని పాఠానికి దూరం పెట్టరు.

టోపీ తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడ ఆగస్టు మధ్య నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా ఎండలో అంచు వెడల్పున్న టోపీ పెట్టుకోవాలి. మరిచిపోయిన పిల్ల విరామంలో ఆటకు పోకుండా నీడలో కూర్చోవాల్సి వస్తుంది. "మన రంగుకు ఎండ ఏం చేస్తుందిలే" అనకండి. ఈ ఎండ వేరు. ప్రతిదాని మీదా పేరు రాయండి. మన పేర్లు పొడవు, ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టులో ఎలా ఉందో ఫారంలో అలాగే రాసి, పిలిచే పేరు అని ఉన్నచోట ఇంట్లో పిలిచే చిన్న పేరు రాయండి. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పిల్ల గుర్తుపట్టాలి. నలభై నీలం సంచుల్లో తనది వెతుక్కోవాలి కదా!

ఇక అసలు తయారీ. మా అత్తమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చి ఆరునెలలు ఉన్నారు. మనవరాలికి మూడుపూటలా గోరుముద్దలే. ఆవిడ గిన్నె పట్టుకుని వెనకాలే తిరిగేది. మాకూ సుఖంగానే ఉంది. ఆవిడ వెళ్ళిపోయింది, బడి తెరిచారు. మొదటి వారం డబ్బా ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది. అన్నం నచ్చక కాదు. ఆ మూత తెరవడం రాలేదు, తెరవమని అడగడమూ రాలేదు. అయిదురోజులు పిల్ల మధ్యాహ్నం పస్తుంది. ఆ సంగతి మాకు శుక్రవారం తెలిసింది.

అందుకని డిసెంబరు, జనవరి నెలల్లో ఇంట్లోనే బడి పెట్టండి. పిల్లని కింద కూర్చోబెట్టి, డబ్బా తనే తెరిచి, పది పదిహేను నిమిషాల్లో తనే తినేట్టు అలవాటు చేయండి. పొద్దున విరామానికి ఏది, మధ్యాహ్నానికి ఏది అని డబ్బాలు వేరు చేసి చూపించండి. లేకపోతే మొత్తం పొద్దున్నే తినేసి మధ్యాహ్నం దిక్కులు చూస్తారు. పప్పన్నం, పెరుగన్నం, దోసె ముక్కలు, చపాతీ చుట్ట, అన్నీ పెట్టొచ్చు. మన తిండికి నామోషీ అక్కర్లేదు. ఒక్కటి మాత్రం జాగ్రత్త, పల్లీలు. చాలా బడులు పల్లీలు, జీడిపప్పు తేవద్దంటాయి. తగిలితే ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ ఉన్న పిల్లలుంటారు. మన పల్లీ చట్నీ, పల్లీ పొడి, పులిహోర, వేరుశెనగ ఉండ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పుట్నాల చట్నీ వేయండి. డబ్బాలు మార్చుకుని తినకూడదని కూడా పిల్లకు చెప్పండి.

సిగ్గుపడకుండా ఇంకో మాట. మన ఇళ్ళల్లో నీళ్ళు వాడతాం. బడిలో కాగితమే ఉంటుంది. కడగడానికి అమ్మ రాదు. కాగితంతో తుడుచుకోవడం, ప్యాంటు గుండీ పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం ఇంట్లోనే నేర్పాలి. అది రాక రోజంతా ఆపుకునే పిల్లలున్నారు. ఆపుకోవాలని నీళ్ళు తాగడం మానేస్తారు. ఇంగ్లీషులో ఒక నాలుగు మాటలు నోటికి వచ్చేలా చేయండి: టాయిలెట్‌కి వెళ్ళాలి, నాకు అర్థం కాలేదు, ఇది తెరవండి, నాకు నొప్పిగా ఉంది. ఏబీసీడీలు రాకపోయినా టీచర్ నేర్పుతుంది. ఈ నాలుగు మాటలు మాత్రం మొదటిరోజే కావాలి.

చివరగా మన పని సంగతి. బడి సుమారు తొమ్మిదికి మొదలై మూడున్నరకు అయిపోతుంది. ఫిబ్రవరిలో చాలా బడులు ప్రెప్ పిల్లలకు బుధవారాలు సెలవిస్తాయి. టర్మ్‌కీ టర్మ్‌కీ మధ్య రెండువారాల సెలవులు, వేసవిలో దాదాపు ఆరువారాలు. ఆఫ్టర్ కేర్ కావాలంటే ఇప్పుడే పేరు రాయించండి. తాత్కాలిక వీసాల మీదున్న చాలామందికి చైల్డ్ కేర్ సబ్సిడీ రాదు, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. తాతయ్యలు, అమ్మమ్మలు పిల్లని తీసుకురావడానికి వెళ్తే వాళ్ళ పేరు బడిలో ముందే రాయించాలి.

షిఫ్టు మార్చమని అడగడానికి భయపడతాం. ఫెయిర్ వర్క్ చట్టం ప్రకారం ఒకేచోట 12 నెలలు పనిచేసి, బడి వయసు లేదా అంతకన్నా చిన్న పిల్లలున్నవాళ్ళు పని వేళలు మార్చమని రాతపూర్వకంగా అడగొచ్చు. యజమాని 21 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. క్రమంగా పనిచేస్తున్న కాజువల్స్‌కీ ఇది వర్తిస్తుంది. పిల్లకు జ్వరమొస్తే ఫుల్ టైం వాళ్ళకు ఏడాదికి 10 రోజుల జీతంతో సెలవు, కాజువల్స్‌కి ఒక్కోసారికి 2 రోజులు జీతం లేని సెలవు. ఏ వీసా మీదున్నా ఈ హక్కులు మనవే. మాలో ఒకరం ఇలాగే ఉత్తరం రాసి పొద్దుటి షిఫ్టు గంట వెనక్కి జరిపించుకున్నాం. అడక్కముందు మూడునెలలు నిద్రపోలేదు. అడిగాక మూడు నిమిషాల్లో అయిపోయింది.

మన ఊళ్ళల్లో జూన్‌లో బడి. ఇక్కడ సంక్రాంతి వెళ్ళిన వెంటనే. వసంత పంచమి కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. బాసర వెళ్ళలేకపోయినా పళ్ళెంలో బియ్యం పోసి ఓనమాలు దిద్దించండి. మేం అలాగే చేశాం. ఆ వారంలోనే మాలో ఒకరం గోడౌన్ నుంచి పసుపుపచ్చ కోటుతోనే నేరుగా బడి గేటు దగ్గరికి వెళ్ళాం. పిల్ల ఏడవలేదు. మేమే ఏడ్చాం.

ఇంటికెళ్ళాక ఈ రాత్రి ఒక్క పని చేయండి. టిఫిన్ డబ్బా పిల్ల చేతికిచ్చి తెరవమనండి. మీ చేయి వెనక్కి పెట్టుకోండి. తెరవడం రాకపోతే భయం లేదు, ఇంకా రెండునెలలు టైముంది.