ఎర్తు తీగ విలువ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపాఠము)



ఇందాక ప్రార్థనాగీతమునకు ముందు ఈ మైకు గుమ్మని రొద చేయగా, కుర్రవాడొకడు పటకారు తెచ్చి ప్లగ్గులోని మూడవ పిన్ను విరువబోయెను. నేను వారించితిని. ఆ పిన్ను పోయినచో రొద ఆగునేమో గాని, దానితోపాటు ప్రాణరక్షణయు పోవును. నేటి నా ప్రసంగము ఆ మూడవ పిన్నును గూర్చియే.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది; సెకనుకు 50 ఆవృత్తములు గలది. అది ఫేజు తీగలో వచ్చి న్యూట్రలు తీగలో మరలును. ఎర్తు తీగ మాత్రము పని లేనట్లు ఊరకుండును. యాంప్లిఫయరు లోపలి ఫేజు తీగ ఊడి ఇనుప పెట్టెకు తగిలిననాడు దానికి పని పడును. కరెంటు మన దేహము ద్వారా గాక ఆ తీగ ద్వారా భూమిలోనికి పోవలెను; ఆ ప్రవాహపు ఉధృతికి ఫ్యూజు కాలవలెను.

పేరాలలో ఒక చిక్కు కలదు. మనది సముద్రతీరపు ఇసుక నేల. ఎండిన ఇసుక విద్యుత్తును సులభముగ పోనీయదు. లెక్క చూడుడు. ఎర్తు మార్గపు నిరోధము మొత్తము 10 ఓములైనచో 23 ఆంపియర్లు పారును. 5 ఆంపియర్ల ఫ్యూజు కాలిపోవును. అదే 100 ఓములైనచో పారునది 2.3 ఆంపియర్లే. ఫ్యూజు కాలదు. పెట్టెకు కరెంటు పట్టియే యుండును, ముట్టినవానికి ముప్పు. కావున ఎర్తు గొట్టమును కనీసము 2.5 మీటర్ల లోతునకు, తేమ తగులునట్లు దింపవలెను. వేసవిలో గుంటకు నీరు పోయుచుండవలెను. గుంటలోని ఉప్పు తేమను పట్టును గాని ఇనుమును తినును; సముద్రపు గాలి అందుకు తోడగును. ఏటేట బిగింపులు చూపించుకొనవలెను. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పగనే సరఫరాను తెంచు ఆర్.సి.సి.బి. అను స్విచ్చిని మెయిను బోర్డులో పెట్టించుట అత్యవసరము. ఎర్తు గుంట లేదని ప్లగ్గులో ఎర్తును న్యూట్రలుకు కలుపుట మహాపాయము. న్యూట్రలు తెగిననాడు పెట్టెయంతయు ఫేజు అగును.

మరి రొద ఎట్లు పోవును? పాట పెట్టు యంత్రము ఒక గోడకును, యాంప్లిఫయరు వేరొక గోడకును తగిలించినపుడు ఆ రెండు ఎర్తుల నడుమ స్వల్పమైన వోల్టేజి భేదముండును. యంత్రములను కలుపు పాటతీగ పైతొడుగులో ఆ భేదముచే కరెంటు పారును. యాంప్లిఫయరు దానినే పెద్దది చేసి వినిపించును. కావున అన్నిటిని ఒకే బోర్డుకు, ఒకే ఎర్తుకు తగిలింపుడు. పాటతీగను కరెంటు తీగకు దూరముగ నడపుడు. కేబుల్ టి.వి. తీగ ఊడదీసి చూడుడు. రొద ఆగినచో దోషము ఆ దారిని వచ్చుచున్నది. ఫ్యాను రెగ్యులేటరు త్రిప్పినపుడు చిటపటలు మారినచో దోషము దానిది. యాంప్లిఫయరుకు వేరు లైను వేయింపుడు. అప్పటికిని పోనిచో పాటతీగ నడుమ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టవచ్చును.

మన నేతగాండ్రు పడుగు చిక్కుపడినచో ఓపికతో చిక్కు విప్పుదురే గాని పడుగును కోయరు. మనమును అట్లే చేయుదము. ఈ మైకును, దాని యంత్రమును ఒకే బోర్డుకు తగిలింపగా రొద ఆగినది. మూడవ పిన్ను చెక్కుచెదరలేదు. ఇంతసేపు నా మాట మీకు స్పష్టముగ వినబడినది గదా!

సెలవు.