పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరే ముందు



పన్నెండో తరగతి పూర్తి కాగానే ప్రతి ఇంటా ఒకే ప్రశ్న: ఎక్కడ చేరాలి? ఘజియాబాద్ జిల్లా ఇందిరాపురంలో ఉంటున్న విద్యార్థినే ఉదాహరణగా తీసుకుందాం. ఒకవైపు 1922లో స్థాపించిన ఢిల్లీ విశ్వవిద్యాలయం. వైశాలిలో మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి అక్కడికి వెళ్ళవచ్చు. ఫీజు తక్కువే. కాని 2022 నుంచి బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. రెగ్యులర్ ప్రవేశాలు చాలా వరకు సీయూఈటీ పరీక్ష ద్వారానే జరుగుతున్నాయి. కోరిన సీటు అందరికీ దొరకదు. మరోవైపు నోయిడా, గ్రేటర్ నోయిడాలలో అమిటీ, శారదా, గల్గోటియాస్ వంటి పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2017 నుంచి అమరావతిలో ఎస్.ఆర్.ఎం., వి.ఐ.టి. నడుస్తున్నాయి.

ముందుగా లాభాలు చూద్దాం. పెద్ద సంస్థలో ఇంజనీరింగు, న్యాయశాస్త్రం, మేనేజిమెంటు వంటి అనేక శాఖలు ఒకే ఆవరణలో ఉంటాయి. పలు రాష్ట్రాల విద్యార్థులతో పరిచయం కలుగుతుంది. ప్రభుత్వ సంస్థలో సీటు రానంత మాత్రాన ఇష్టమైన కోర్సు వదులుకోనక్కరలేదు.

ఇక నష్టాలు. మొదటిది ఖర్చు. ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున నాలుగేళ్ళు, 10 శాతం సాధారణ వడ్డీకి అప్పు తీసుకున్నారనుకుందాం. చదువు ముగిసిన ఏడాది తరువాత చెల్లింపు మొదలుపెడితే, అప్పటికే బాకీ పదమూడున్నర లక్షలు అవుతుంది. స్కాలర్‌షిప్ ఇస్తామంటే, అది రెండో ఏడాది కొనసాగడానికి ఎన్ని మార్కులు రావాలో రాతపూర్వకంగా అడగండి.

రెండవది ప్రకటనల మాయ. ఐదుగురికి ఉద్యోగాలు వచ్చాయి. వారి వార్షిక జీతాలు 3, 3, 4, 4, 36 లక్షలు. సగటు 10 లక్షలు. కాని ఆ ఐదుగురిలో నలుగురికి అందులో సగం కూడా రాలేదు! మధ్యగతం 4 లక్షలే. కాబట్టి అత్యధిక జీతాన్ని కాక, మీ శాఖలో మధ్యగతం ఎంతో, ఎంతమందిలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో అడగండి.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పట్టా చెల్లుబాటు. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నాటి చట్టం కింద 112 ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ప్రకటించబడ్డాయి. వాటిలో చాలావాటికి సొంత భవనాలే లేవు. శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన పిటిషన్‌పై 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కీలక నిబంధనలను కొట్టివేసింది. విద్యార్థులు నష్టపోకుండా, ఆ సంస్థలను రాష్ట్రంలోని పాత విశ్వవిద్యాలయాలకు అనుబంధించే చర్యలు తీసుకోవాలని ప్రభుత్వానికి సూచించింది. చేరిన పిల్లల భవిష్యత్తు కోర్టు తీర్పుపై ఆధారపడవలసి వచ్చిందన్నమాట.

అందుచేత ఫీజు కట్టే ముందు నాలుగు పనులు చేయండి. సంస్థ పేరు యూజీసీ జాబితాలో ఉందో లేదో చూడండి. న్యాక్ గ్రేడు మొత్తం సంస్థకు ఇచ్చేది. ఇంజనీరింగు వంటి కోర్సులకు ఎన్.బి.ఎ. గుర్తింపు విడిగా ఉంటుంది. రెండింటినీ, వాటి గడువునూ పరిశీలించండి. మీరు చేరబోయే శాఖలో శాశ్వత అధ్యాపకులు ఎందరో తెలుసుకోండి. చివరగా, అక్కడ ఇప్పుడు రెండో, మూడో సంవత్సరం చదువుతున్నవారితో మాట్లాడండి. ప్రవేశాల కౌంటరులో చెప్పని సంగతులు వారు చెబుతారు.

ప్రైవేటు అన్నంత మాత్రాన చెడ్డదీ కాదు, పెద్దది అన్నంత మాత్రాన మంచిదీ కాదు. మీరు చేరేది గేటు మీది పేరులో కాదు, లోపలి ఒక శాఖలో. ఆ శాఖను చూసి, ఇంటి ఆదాయాన్ని లెక్కవేసి, అమ్మానాన్నలతో కూర్చుని కాగితం మీద రాసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.