ఇంటి మీద సోలార్: సంతకం పెట్టే ముందు అడగవలసినవి

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



వడ్ల కొనుగోలు గురించి, యూరియా గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. ఇంటి మీద పెట్టే సోలార్ గురించి చెప్పమని నన్ను అడిగారు. భుజానికి బ్యాగు తగిలించుకుని పిల్లలు ఊళ్లలోకి వస్తున్నారు. "కేంద్రం పథకం, కరెంటు బిల్లు సున్నా, రూపాయి పెట్టుబడి లేదు, ఆధార్ ఇవ్వండి, ఓటీపీ చెప్పండి" అంటున్నారు. పథకం నిజమే. అందులో అబద్ధం ఎక్కడ కలుస్తున్నదో చూద్దాం.

పథకం పేరు పీఎం సూర్యఘర్. 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్లకు ఇస్తామని 75,021 కోట్ల రూపాయలు చూపించారు. ఒక కిలోవాట్ పెట్టుకుంటే 30 వేలు, రెండు పెట్టుకుంటే 60 వేలు, మూడు పెట్టుకుంటే 78 వేలు సబ్సిడీ. మూడు దాటి ఎంత పెట్టినా అదే 78 వేలు. అయిదు కిలోవాట్లు పెడితే సబ్సిడీ పెరుగుతుందని ఎవరైనా అంటే, అది సరుకు అమ్ముకోవడానికి చెప్పే మాట.

ఆ డబ్బు ముందు రాదు. ప్యానెళ్లు బిగించి, డిస్కం వాళ్లు తనిఖీ చేసి, నెట్ మీటరు పెట్టిన తర్వాత మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా పెట్టే డబ్బు మీదైనా కావాలి, బ్యాంకుదైనా కావాలి. కాబట్టి "రూపాయి పెట్టుబడి లేదు" అంటే మీ పేరు మీద అప్పు రాస్తున్నారని అర్థం. పట్టా పాస్‌బుక్ అడగడం లేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. కిస్తీలు తప్పితే సిబిల్‌లో ఎక్కుతుంది. రేపు పంట రుణానికి పోయినప్పుడు బ్యాంకు మేనేజరు చూసేది దాన్నే.

ఇప్పుడు మీ కరెంటు బిల్లు తీసి చూడండి. నా లెక్కలో అసలు ప్రశ్న ఇదే. మన తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి ఉంది. తెల్ల కార్డు ఉండి నెలకు 200 యూనిట్లు దాటని ఇంటికి జీరో బిల్లు వస్తున్నది. సున్నా వస్తున్న బిల్లును సోలార్ వచ్చి ఇంకెంత తగ్గిస్తుంది? రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, ఒక ఫ్రిజ్ ఉన్న ఇంటికి దాదాపు రెండు లక్షల సామాను అంటగట్టి, సబ్సిడీ పోను మిగిలిన లక్ష పైచిలుకుకు కిస్తీ కట్టిస్తే, ఆ ఇంటికి లాభమా, అమ్మినవాడికి లాభమా? ఏసీ ఉండి, పెద్ద కుటుంబమై, నెలనెలా వేలల్లో బిల్లు కట్టే ఇంటి సంగతి వేరు. వాళ్లకు గిట్టుతుంది. పెట్టుకోవద్దని నేను అనడం లేదు. ఒక కిలోవాట్‌కు మంచి ఎండలో రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లకు నెలకు 300 నుంచి 360 అనుకోండి, వానకాలం తగ్గుతుంది. మీ ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని లెక్క మీరే వేసుకోండి, అమ్మేవాడి చేత వేయించకండి.

కరెంటు పోయినప్పుడు కూడా ఇంట్లో లైట్లు వెలుగుతాయని చాలామంది నమ్ముతున్నారు. బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ అయితే లైను పోగానే అదీ ఆగిపోతుంది, మిట్ట మధ్యాహ్నమైనా సరే. అలా ఆగాలి కూడా. ఆగకపోతే మీ ఇంటి కరెంటు వెనక్కి లైనులోకి పోయి, స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణం తీస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి చనిపోయిన రైతులు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక కాగితం. మీటరు ఎవరి పేరు మీద ఉంది? చనిపోయిన నాయన పేరు మీదనే ఉన్న ఇళ్లు మనలో బోలెడు. ముందు అది మార్పించుకోండి, లేకపోతే దరఖాస్తు దగ్గరా, అప్పు దగ్గరా ఇబ్బంది వస్తుంది. వచ్చిన కంపెనీ పేరు పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో నమోదైన వాళ్ల జాబితాలో ఉందో లేదో చూడండి. మీకు ఫోన్లో చూడరాకపోతే ఇంట్లో పిల్లలు చూస్తారు. ఓటీపీ మాత్రం చెప్పకండి, దరఖాస్తు మీ ముందే చేయించండి. ప్యానెళ్లు ఏ కంపెనీవి, ఎన్ని, ఎన్ని వాట్లవి, ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్లు, ఇవన్నీ ఒప్పందం మీద రాయించండి. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు మన దేశంలో తయారైనవే ఉండాలి. అమర్చిన కంపెనీయే అయిదేళ్లు నిర్వహణ చూడాలని పథకంలోనే ఉంది, అది కూడా రాయించండి. ప్యానెల్‌కు 25 ఏళ్ల గ్యారంటీ అంటారు. అది కరెంటు తయారీ ఎంత తగ్గవచ్చు అన్నదాని మీద ఇచ్చే గ్యారంటీ. కోతులు దూకి అద్దం పగిలితే మామూలుగా అందులోకి రాదు. మన ఊళ్లలో కోతుల సంగతి కంపెనీ వాళ్లకేం తెలుసు! ఇంటి పక్క వేపచెట్టు నీడ పడుతుందా, పాత రేకులు ఆ బరువు మోస్తాయా, గాలిదుమారానికి నిలుస్తాయా అన్నది కూడా వాళ్లను పైకి ఎక్కించి అడగండి. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. మనిషి సొంత ఫోన్ నంబరుకు వేయకండి, కంపెనీ ఖాతాకే వేసి జీఎస్టీ బిల్లు తీసుకోండి.

పొలం మోటార్లకు సోలార్ ఇస్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని కుసుమ్ పథకం పేరుతో దొంగ వెబ్‌సైట్లు నడిచాయి. కేంద్ర శాఖే చాలాసార్లు హెచ్చరిక ఇచ్చింది. భూమిని సోలార్ ప్లాంట్లకు లీజుకు అడిగే వ్యవహారం ఇంకా పెద్దది, దానికి ఒక రోజంతా కూర్చోవాలి.

మోసపోయామని తెలిస్తే ఊరుకోకండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. మీటరు, కనెక్షన్ సంగతైతే 1912. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ హైదరాబాద్‌లో ఉందని ఆగక్కర్లేదు. అయిదు లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, ఒప్పందం, వాట్సాప్ మెసేజీలు ఏవీ తీసేయకండి.

కొటేషన్లు తెచ్చుకున్నవాళ్లు ముగ్గురో నలుగురో కనబడుతున్నారు. భోజనాల తర్వాత ఆ మూల బల్ల దగ్గరికి రండి, కళ్లద్దాలు తెచ్చుకున్నాను, ఒక్కొక్కటి చదువుదాం.