ఏ నవ్వు ధర్మసమ్మతం?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు మాకు అప్పగించిన అంశం 'సాధనలో హాస్యం, సందేహం'. చరిత్ర బోధించేవారికి సందేహం వృత్తిధర్మం. శాసనాన్నయినా, ఐతిహ్యాన్నయినా ముందు అనుమానించి, ఆ తరువాతనే అంగీకరించడం మాకు అలవాటు. హాస్యం సంగతి అలా కాదు. ఆ విషయంలో మేము ఒకసారి తప్పు చేశాము. ఆ తప్పుతోనే ఈ ప్రసంగం ప్రారంభించడం న్యాయమని తోచింది.

కొన్నేళ్ల క్రితం మా బంధువర్గంలో ఒక పెద్దాయన సొంత ఇల్లు కట్టుకున్నారు. వరసకు మాకు బాబాయి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. ఆ కుటుంబంలో ధర్మదీక్ష తీసుకున్న మొదటి వ్యక్తి. గృహప్రవేశానికి పురోహితుణ్ణి పిలవలేదు. త్రిశరణాలు, పంచశీలాలు పఠింపజేసి, వచ్చినవారందరికీ కడుపునిండా భోజనం పెట్టారు. బహుమతుల్లో ఎవరో ఒక 'లాఫింగ్ బుద్ధ' బొమ్మ ఇచ్చారు. బానపొట్ట, భుజాన సంచి, చెవుల దాకా సాగిన నవ్వు. బాబాయి ఆ బొమ్మను కండువాతో తుడిచి, బాబాసాహెబ్ చిత్రపటం పక్కన నిలిపి, "అబ్బాయీ, చదువుకున్నవాడివి. ఈయన్ని ఏ దిక్కుకు తిప్పి పెడితే మంచిదంటావు?" అని అడిగారు.

మేము పకపకా నవ్వాము. మమ్మల్ని చూసి చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఆయన మారుమాట లేకుండా బొమ్మను తీసి అలమరలో పెట్టేశారు. సాయంత్రం మమ్మల్ని సాగనంపుతూ, గుమ్మం దగ్గర ఆగి, "నువ్వు నవ్వింది బొమ్మను చూసా, నన్ను చూసా?" అన్నారు.

మా వద్ద సమాధానం లేకపోయింది. ఈ సభలో ఉన్న పెద్దలకు ఆ ప్రశ్న బరువు వివరించనవసరం లేదు. మన తాతల పేర్లను చూసి నవ్వారు, మాటలోని యాసను చూసి నవ్వారు, ఉతికిన చొక్కా తొడుక్కుంటే నవ్వారు. తరతరాలుగా ఎదుటివారి నవ్వుకు గురి అయిన మనుషులు ఆత్మగౌరవం కోసం ఒక ధర్మాన్ని స్వీకరించారు. అటువంటివారి ముందు 'ధర్మంలో హాస్యానికి చోటుంది' అని తేలికగా అనేయడం సరికాదు. కనుక హాస్యం ఉండాలా, వద్దా అన్నది నేటి ప్రశ్న కాదు. ఏ నవ్వు ధర్మసమ్మతం అన్నదే ప్రశ్న.

బౌద్ధ వాఙ్మయం కేవలం గంభీరమైనదని కొందరి అభిప్రాయం. వినయపిటకం తెరిస్తే ఆ అభిప్రాయం నిలవదు. భిక్షువులు ఒకరికొకరు చక్కిలిగింతలు పెట్టుకోరాదని అందులో ప్రత్యేకంగా ఒక నియమమే ఉంది. ఆ పని చేసినవారు ఉండబట్టే కదా నియమం అవసరమయింది! ఇక సుత్తపిటకంలో, దీఘనికాయంలోని కేవట్ట సుత్తం చూడండి. నలందలో కేవట్టుడనే గృహస్థుడు బుద్ధుని వద్దకు వచ్చి, ఒక భిక్షువు చేత ఏదైనా మహిమ చూపించమని, అలా చేస్తే ఊరివారికి విశ్వాసం పెరుగుతుందని కోరాడు. బుద్ధుడు నిరాకరించాడు. గాలిలో ఎగిరి చూపినా, విశ్వాసం లేనివాడు అదేదో మంత్రవిద్య అంటాడని, అందుచేత తాను అటువంటి ప్రదర్శనను ఏవగించుకుంటానని చెప్పాడు. మనిషిని మార్చగల బోధనే తన దృష్టిలో మహిమ.

ఆ సందర్భంలోనే ఒక కథ చెప్పాడు. పృథివి, జలం, తేజస్సు, వాయువు అనే నాలుగు మహాభూతాలు ఎక్కడ నిశ్శేషంగా నిరోధమవుతాయి అన్న సందేహం ఒక భిక్షువుకు కలిగింది. ధ్యానబలంతో దేవలోకానికి వెళ్లి అడిగాడు. అక్కడివారు మాకు తెలియదు, మా పైవారిని అడుగు అన్నారు. ఆ పైవారు తమ పైవారిని చూపించారు. మన కార్యాలయాల్లో ఒక దరఖాస్తు బల్ల నుంచి బల్లకు ప్రయాణించినట్లు, ఆ ప్రశ్న లోకం నుంచి లోకానికి ప్రయాణించి చివరకు మహాబ్రహ్మ ముందుకు వచ్చింది. మహాబ్రహ్మ తాను సర్వజ్ఞుడినని, సృష్టికర్తనని, సమస్తానికీ ప్రభువునని బిరుదులన్నీ వల్లించాడు. నేను అడిగింది అది కాదు కదా అన్నాడు భిక్షువు. మళ్లీ బిరుదులే. మూడవసారి అడిగేసరికి మహాబ్రహ్మ ఆ భిక్షువు చేయి పట్టుకొని పక్కకు తీసుకుపోయి రహస్యంగా నిజం చెప్పాడు: తనకూ తెలియదు, కానీ తనకు అన్నీ తెలుసునని ఈ దేవతలంతా నమ్ముతున్నారు కనుక వారి ఎదుట ఆ మాట అనలేకపోయాడు!

సృష్టికర్తగా చెప్పుకొనే దేవుడిని ఇంత సున్నితంగా, ఇంత నిర్దాక్షిణ్యంగా పరిహసించిన కథ ప్రాచీన సాహిత్యంలో అరుదు. అయితే పరిహాసం ఎటు సాగిందో గమనించండి. తెలియని భిక్షువును చూసి ఎవరూ నవ్వలేదు. తెలియకపోయినా తెలిసినట్లు కొలువుదీరినవాడే నవ్వుకు పాత్రుడయ్యాడు.

థేరీగాథలలోని పుణ్ణిక ఇంకా ముందుకు వెళ్లింది. ఆమె నీళ్లు మోసే దాసి. యజమానురాళ్లు దండిస్తారన్న భయంతో చలికాలంలోనూ నదిలో దిగవలసిన మనిషి. అదే నదిలో ఒక బ్రాహ్మణుడు చలికి వణుకుతూ స్నానం చేస్తున్నాడు. నీకేమి భయం, ఎందుకు ఈ బాధ అని ఆమె అడిగింది. పాపం కడుక్కోవడానికి అన్నాడు. నీటితోనే పాపం పోయేటట్లయితే కప్పలు, తాబేళ్లు, మొసళ్లు అన్నీ స్వర్గానికి పోవలసిందే కదా అని ఆమె ప్రశ్నించింది. పాపాన్ని కొట్టుకుపోయే నది పుణ్యాన్ని మాత్రం ఒడ్డున వదిలిపెడుతుందా అని కూడా నిలదీసింది. ఆయన మెచ్చి వస్త్రం ఇవ్వబోతే, నీ వస్త్రం నీ వద్దనే ఉంచుకోమన్నది. చివరకు ఆ బ్రాహ్మణుడే త్రిశరణాలు పొందాడు. కప్పల మాటలో హాస్యం ఉంది. కానీ దాని వెనుక అవతలి మనిషి చలికి వణుకుతున్నాడన్న కరుణ ఉంది. ఆమె నవ్వు అతనిని బాధ నుంచి బయటకు తెచ్చింది. మా నవ్వు బాబాయిని తన ఇంట్లోనే తలవంచుకునేలా చేసింది. భేదం ఇంత స్పష్టం.

ఇక సరిహద్దు దాటి చైనా వైపు చూద్దాం. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన ఇక్ష్వాకుల కాలపు శాసనంలో, ధర్మప్రచారం సాగిన దేశాల వరుసలో కాశ్మీర గాంధారాలతో పాటు చైనా పేరు కూడా కనిపిస్తుంది. ఆ చైనాలో బౌద్ధం చేరేనాటికే తావో మార్గం ఉంది. రెండూ కలహించుకున్నాయి, ఒకదాని నుంచి ఒకటి నేర్చుకున్నాయి. తావో చింతకుడు చువాంగ్ త్సు పేరుతో ఉన్న గ్రంథం నవ్వుల గని. ఆయనను ఒకరు తావో ఎక్కడుంది అని అడిగారు. చీమలో ఉందన్నాడు. అంత అల్పమైన దానిలోనా అంటే కలుపుమొక్కలో, ఆ తరువాత పెంకుముక్కలో ఉందని, చివరకు మలమూత్రాలలో ఉందని చెప్పాడు. అడిగినవాడు నోరు మూసుకున్నాడు. పవిత్రం, అపవిత్రం అన్న మెట్ల వ్యవస్థ కింద నలిగిన మనకు ఆ సమాధానంలోని లోతు వేరెవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అదే గ్రంథం, దీర్ఘాయువు కోసం ఊపిరి బిగబట్టి ఎలుగుబంటివలె, పక్షివలె ఒళ్లు విరుచుకునేవారిని కూడా చురక వేసి వదిలింది.

ఆ నవ్వును మరచినప్పుడు ఏమి జరిగిందో చరిత్ర చెబుతుంది. తాంగ్ వంశపు చక్రవర్తి వూచుంగ్ తావో పూజారుల మాట నమ్మాడు. 845లో బౌద్ధారామాలను కూల్చివేయించాడు. 4,600 ఆరామాలు, రెండు లక్షల అరవై వేలకు పైగా భిక్షు భిక్షుణులు అని నాటి రాజశాసనమే లెక్క చెప్పుకుంది. మరుసటి సంవత్సరమే, అంటే 846లో, అమరత్వం కోసం సేవించిన రసౌషధాలే ఆయన ప్రాణం తీశాయని చరిత్రకారులు భావిస్తారు. పాదరసం, ఇంగిలీకం కలిసిన అటువంటి మందులకు తాంగ్ చక్రవర్తులు ఒకరి తరువాత ఒకరు బలి అయ్యారు. సందేహించవద్దని చెప్పే గురువు సామాన్యుడికి డబ్బు ఖర్చు, చక్రవర్తికి ప్రాణం ఖర్చు.

దీనిని విని తావో వారిని తక్కువ చేయనవసరం లేదు. మన ఇల్లు కూడా చూసుకోవాలి. రాళ్లను బంగారం చేశాడని మన ఆచార్య నాగార్జునుని గురించి పుట్టిన ఐతిహ్యాన్ని 7వ శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ నమోదు చేశాడు. నేటికీ ఆ కథను మనం గర్వంగా చెప్పుకుంటాము. ఆయన అసలు సంపద అయిన మూలమధ్యమకకారికను మాత్రం తెరవము. నిర్వాణమన్న భావనను సైతం విచారణకు నిలబెట్టినవాడు ఆయన. అంతకంటే పెద్ద బంగారం మనకెందుకు?

అయితే సందేహమంతా మంచిదేనా? కాదు. ఇక్కడ పాలీ పదాలు మనకు తోడ్పడతాయి. 'విచికిచ్ఛా' అనే సందేహం పంచ నీవరణాలలో ఒకటి. అంటే సాధనకు అడ్డుగోడ. కూడలిలో నిలబడి ఏ దారీ పట్టకుండా పొద్దు పుచ్చేవాడి సందేహం అది. 'వీమంస' అనే పరీక్షాబుద్ధి అలా కాదు. అది నాలుగు ఇద్ధిపాదాలలో ఒకటి, అంటే సాధనకు ఊతం. మొదటిది ఏమీ చేయకుండా ఉండటానికి సాకు. రెండవది చేసి చూసి తేల్చుకునే ధైర్యం. కేసపుత్తంలోని కాలాములకు బుద్ధుడు చెప్పినది రెండవ దానిని గురించే. పరంపరగా వచ్చిందనో, గ్రంథంలో ఉందనో, గురువు చెప్పాడనో అంగీకరించవద్దన్నాడు. లోభద్వేషమోహాలను పెంచుతుందా, తగ్గిస్తుందా అని స్వయంగా తెలుసుకోమన్నాడు. మజ్ఝిమనికాయంలోని వీమంసక సుత్తంలో పరీక్షకు తననే నిలబెట్టుకున్నాడు.

బాబాసాహెబ్ ఆ మాటను అక్షరాలా పాటించారు. ఆయన మహాపరినిర్వాణం తరువాత 1957లో వెలువడిన 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' ఉపోద్ఘాతంలోనే నాలుగు ప్రశ్నలు లేవనెత్తారు. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి అంతవరకు వృద్ధుణ్ణి, రోగిని, శవాన్ని చూడనేలేదంటే ఎలా నమ్మడం అన్నది అందులో మొదటి ప్రశ్నకు ఆధారం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందికి దీక్ష ఇచ్చినవారే ఈ ప్రశ్న వేశారు. ప్రశ్న వేసినందువల్ల ఆయన శరణాగతి తగ్గలేదు. ప్రశ్నించదగినదని తెలిసినందువల్లనే ఆయన ఈ ధర్మాన్ని ఎంచుకున్నారు.

పరీక్ష ముందు మన మీదనే జరగాలి. మేము ఒకసారి పది రోజుల ధ్యాన శిబిరానికి వెళ్లాము. నాలుగవ నాటి ఉదయం కళ్లు మూసుకొని ఉండగా ముఖమంతా బంగారు వెలుగు పరుచుకుంది. సమాధి లభించిందనే అనుకున్నాము. కాలేజీలో ఎవరెవరికి ఈ సంగతి చెప్పాలో కూడా మనసులోనే జాబితా తయారైంది. తరువాత ఆచార్యులకు వినయంగా విన్నవించాము. ఆయన ఒక్క క్షణం మమ్మల్ని చూసి, "మీ పక్క కిటికీ తెర ఇవాళ ఉతకడానికి తీశారు. రేపు కట్టేస్తారు, అప్పుడు చూద్దాం" అన్నారు. మరునాడు తెర కట్టారు. వెలుగు రాలేదు, మోకాళ్ల నొప్పి మాత్రం వచ్చింది.

లేని సిద్ధిని ఉన్నదని చెప్పుకోవడం భిక్షువుకు పారాజికం. సంఘం నుంచి శాశ్వతంగా తొలగించే నాలుగు మహాపరాధాలలో అది ఒకటి. కానీ భ్రమపడి నిజంగానే సిద్ధి కలిగిందనుకున్నవాడికి ఆ దోషం అంటదని కూడా వినయం చెబుతుంది. మనిషి తనను తాను ఎంత సులభంగా మోసం చేసుకుంటాడో ఎరిగినవారు రాసిన నియమం అది. మోసానికి శిక్ష, భ్రమకు మన్నింపు. మా ఆచార్యుల చిరునవ్వులో ఆ మన్నింపు ఉంది. అందుకే సిగ్గుపడ్డాము గానీ అవమానపడలేదు. మర్నాడు మళ్లీ కూర్చోగలిగాము.

మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. తాంగ్ కాలపు ధ్యానాచార్యుడు తాన్‌షియా చలికి తాళలేక చెక్క బుద్ధవిగ్రహాన్ని తగులబెట్టాడని ప్రసిద్ధమైన కథ ఉంది. కోపించినవారితో బూడిదలో ధాతువుల కోసం వెతుకుతున్నానన్నాడట. చెక్కలో ధాతువులేమిటని వారంటే, అయితే ఇంకో రెండు విగ్రహాలు ఇవ్వమన్నాడట. ఆ కథ విని మనం నవ్వవచ్చు. కానీ ఊరి చివర మనవారు చందాలు పోగుచేసి నిలబెట్టుకున్న విగ్రహం తల రాత్రికి రాత్రి విరగ్గొట్టేవాడు తాన్‌షియా కాదు. తన పట్టును తాను వదులుకోవడం సాధన. ఎదుటివారి గౌరవాన్ని పగలగొట్టడం హింస. చేతిలో ఉన్నది ఒకే చెక్కముక్క అయినా రెండు పనులూ ఒకటి కావు.

చివరగా బాబాయి ప్రశ్నకు వస్తాము. ఏడాది తరువాత ఆయన ఇంటికి వెళ్లి, "ఆ రోజు నవ్వింది మిమ్మల్ని చూసే, బాబాయ్. తప్పయింది" అని ఒప్పుకున్నాము. ఆ పైన, ఆ రోజే చెప్పవలసిన సంగతి చెప్పాము. ఆ బొమ్మ గౌతమ బుద్ధునిది కాదు. 10వ శతాబ్దపు చైనాలో గుడ్డసంచి భుజాన వేసుకొని ఊరూరా తిరిగాడని చెప్పుకునే బుదాయ్ అనే భిక్షువుది. ఆయన పేరుకు అర్థమే గుడ్డసంచి. రాబోయే మైత్రేయ బుద్ధుడు ఆయనేనని అక్కడి జనం నమ్మారు. దిక్కుల లెక్క మాత్రం అమ్మేవారిది.

బాబాయి శ్రద్ధగా విని, లేచి వెళ్లి అలమరలోంచి బొమ్మను తీసుకువచ్చారు. కాసేపు తిప్పి తిప్పి చూశారు. "అయితే ఈయనా నాలాగా సంచి మోసినవాడేనన్నమాట. ముప్పై ఏళ్లు పట్టాల వెంట పనిముట్ల సంచి మోశాను. ఒక్కరోజన్నా ఇట్లా నవ్వానా?" అని, తానే నవ్వారు. ఈసారి మేమూ నవ్వాము. బొమ్మ ఇప్పుడు వారి వసారాలో, చెప్పులు విడిచే చోట, గోడకు చేరవేసి ఉంది. ఏ దిక్కుకు ఉందో మేము చూడలేదు.

రోజుకు పది నిమిషాలైనా శ్వాస మీద మనసు నిలిపి కూర్చోండి. ఫలితం వచ్చిందని ఎవరైనా అంటే పరీక్షించండి. మీకే వచ్చిందనిపిస్తే ముందు కిటికీ తెర చూసుకోండి. ఈ సంఘానికి కొత్తగా వచ్చినవారు తెలియక ఏదైనా అడిగినప్పుడు మాత్రం, నవ్వేముందు వారి ముఖం వైపు ఒక్కసారి చూడండని మా మనవి.