సూది పట్టిన చేతికి పేరేది?

 

ప్రజ్ఞాపూర్‌లో ఇవాళ మనమంతా జీన్సులు, చుడీదార్లతోనే కలుసుకున్నాం. అందులో తప్పేమీ లేదు. పేటియా, కాంచళి, టుక్రి ఇప్పుడు పెట్టెలోకి చేరాయి. తీజ్‌కో పెళ్లికో తీస్తాం, మళ్లీ మడతపెడతాం. ఆ పెట్టె గురించే నాలుగు మాటలు చెప్పాలని మేము అనుకున్నాం.

కొరియాలోని దేగూ నగరంలో 1957లో పుట్టిన కిమ్‌సూజా అనే కళాకారిణి ఉన్నారు. బొమ్మలు గీయడం చదువుకున్నారు. 1983లో తల్లితో కలిసి దుప్పటి కుడుతుండగా, కుంచె చేసే పని సూది కూడా చేయగలదని ఆమెకు తట్టింది. ఆ దేశంలో సామాను మూటకట్టే గుడ్డను బొజాగి అంటారు, మిగిలిన ముక్కలు అతికి కుడితే జోగక్బో, కట్టిన మూట బొట్టారి. ఇవన్నీ ఇంటి ఆడవాళ్ల పనులే. 1997లో ఆమె రంగురంగుల బట్టల మూటలు లారీకెత్తించి, వాటి మీద కూర్చుని, తాను బతికిన ఊళ్ల మీదుగా 11 రోజుల్లో 2,727 కిలోమీటర్లు తిరిగారు. ఆ ప్రయాణం వీడియోనే కళాఖండమైంది. 2013లో వెనిస్ బియన్నాలేలో కొరియా మండపం మొత్తం ఆమె ఒక్కరికే ఇచ్చారు.

మూటల మీద కూర్చున్న ఆ మనిషిని చూస్తే మన లదేణి గుర్తుకు రాదా? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని మన ముత్తాతలు దేశం తిరిగారు. ఇల్లంతా మూటలోనే. అందుకే కాబోలు, మన యాడీలు గోడల మీద కాక ఒంటి మీది బట్ట మీదే బొమ్మ వేశారు. అద్దం, గవ్వ, దారం, పాత గుడ్డ ముక్క, ఇవే రంగులు.

మన జిల్లాలోనే చేర్యాల ఉంది. అక్కడి నకాషీలు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి కులపురాణాలు గీసేవారు. కథ చెప్పేవాళ్లు తగ్గాక పటాలు చిన్నవయ్యాయి, గోడకు పట్టే బొమ్మలయ్యాయి, మాస్కులయ్యాయి. భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మ ఎక్కడికి పోయినా చేర్యాల పేరైనా వెంట పోతోంది.

మన కుట్టుకు ఆ పాటి కూడా లేదు. వ్యాపారులు తాండాకొచ్చి పాత పేటియాను కారుచౌకగా కొంటారు. దాన్ని కోసి సంచులు, దిండు గలేబులు చేస్తారు. నగరంలో దాని పేరు ‘బంజారా వర్క్’, అంతే. ఏ తాండా, ఏ అమ్మ, ఎన్ని నెలలు కుట్టిందో ఎవరికీ తెలియదు. మిషన్ మీద కుట్టి ప్లాస్టిక్ అద్దాలు అతికినవీ అదే పేరుతో పోతున్నాయి. మాకు మంట అక్కడే.

కర్ణాటకలోని సండూరు అక్కచెల్లెళ్లు వేరే దారి పట్టారు. సండూరు లంబానీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా మహిళలు కుట్టిన 1,755 వస్తువులు ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. చీర అంచుకు, సంచికి, గోడ పటానికి అదే పాత కుట్టు వాడుతున్నారు.

మీలో చాలామంది చేతిలో మంచి ఫోన్లున్నాయి. ఈసారి ఇంటికెళ్లాక నాయనమ్మ పెట్టె తెరిపించండి. బట్టను పరిచి ఫోటో తీయండి, తిరగేసి లోపలి వైపూ తీయండి, ఎందుకంటే కుట్టు ఎలా పడిందో అక్కడే తెలుస్తుంది. ఒక్కో కుట్టుకు గోర్ బోలీలో ఏమంటారో ఆమెనే అడిగి రాసుకోండి. ఫోటో కింద ఊరి పేరుతో పాటు, ఆమె ఒప్పుకుంటే, ఆమె పేరు కూడా రాయండి.