ఒడ్డుకీ పడవకీ మధ్య పది అడుగులు



ఈ రోజు ఆగస్టు 9, మన దినం. గోదారి ఎర్రనీటితో పొంగే కాలం. ఇప్పుడు పడవ ఎక్కమని ఎవరికీ చెప్పను. కానీ నీళ్లు తేరాక ఏం చెయ్యాలో ఇప్పుడే అనుకోవాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

మా చిన్నాన్న కొడుక్కి చిన్నతనంలోనే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. మేమంతా దోనెలో అవతలి ఒడ్డు సంతకు పోతుంటే, వాడు రేవులో చెట్టు కింద కూర్చుని చూసేవాడు. ఒకరోజు వాణ్ణి ఎత్తుకెళ్లి దోనెలో కూర్చోబెట్టి తెడ్డు చేతికిచ్చాం. చేతుల మీద పాకి పాకి గట్టిపడ్డ భుజాలు కదా, మాకంటే బాగా వేశాడు. నది నడుమకు వచ్చాక నవ్వుతూ అన్నాడు: "అన్నా, ఇక్కడ అందరూ కూర్చునే ఉన్నారే!"

తిరిగొచ్చాక బస్తాను మోసినట్టు మోసుకొస్తుంటే రేవులో కొందరు నవ్వారు. వాడు మళ్లీ పడవ మాట ఎత్తలేదు. తప్పు వాడి కాళ్లది కాదు. ఒడ్డుకీ పడవకీ మధ్య ఉన్న ఆ పది అడుగులది, మాది.

నడుము కింది భాగం చచ్చుబడిన ప్రాచీ యాదవ్ 2021లో టోక్యో పారాలింపిక్స్ పడవ పందెంలో ఫైనల్ చేరింది. ఆమె తెడ్డు వేసిన పడవ పేరు 'వా'. అది పసిఫిక్ దీవుల ఆదివాసుల పడవ. ఒరిగిపోకుండా పక్కన తేలుగొయ్య ఉంటుంది. ఒక ఆదివాసీ పడవ పారాలింపిక్స్ దాకా పోయింది. మన పడవ మన పిల్లల దాకా రాలేదు.

ఇది దయతో అడిగే పని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వినోదం, సాహస కార్యక్రమాల్లో కూడా వారికి సమాన భాగం ఉండాలంటుంది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మీద పేదింటి పిల్లలు తెరచాప పడవలు నడపడం నేర్చుకుంటున్నారు. గోదారి ఒడ్డున పుట్టి, పోలవరం నిర్వాసిత కాలనీల్లో పెరుగుతున్న మన పిల్లల్లో తెడ్డు పట్టనివాళ్లు ఎందరో!

భయం ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో మరిచిపోలేం. ఆ రోజు నాటు పడవల్లో వెళ్లి మనుషుల్ని ఒడ్డుకు చేర్చింది అక్కడి గిరిజనులే. నీటిని ఎలా గౌరవించాలో మనకు తెలుసు. ఆ తెలివితోనే మొదలుపెడదాం.

మొదట ఊరి చెరువులో, నిలకడ నీటిలో. ఒడ్డును వాలుగా చెక్కి బల్లలు పరుద్దాం. రెండు పడవలు జోడించి పైన బల్లలు వేస్తే పంటు. మోటారు సైకిల్ ఎక్కే పంటు మీదికి చక్రాల కుర్చీ ఎక్కదా? ప్రతి ఒక్కరికీ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ ఉండాలి. పక్కనే ఈతగాళ్లతో ఇంకో పడవ ఉండాలి. పడిపోతారని ఎవరినీ తాడుతో కట్టెయ్యకూడదు. పడవ బోల్తా పడితే ఆ తాడే ప్రాణం తీస్తుంది. చూపు లేని పిల్లకు ముందు పడవంతా తడిమి చూసే వీలివ్వాలి. వినిపించని పిల్లాడితో చేతి సైగలు ముందే అనుకోవాలి. ఎవరినైనా ఎత్తే ముందు "ఎత్తనా?" అని అడగాలి.

సంక్రాంతి నాటికి ఒక్క చెరువు, ఒక్క పంటు, పది మంది పిల్లలు. మన సంఘం ఈ పని తలకెత్తుకోవాలని అడుగుతున్నాను. తెడ్డు నేర్పడానికి మా తమ్ముణ్ణి నేను పిలుస్తాను. వస్తాడో రాడో వాడి ఇష్టం. ఈసారి రేవు మాత్రం వాడి కోసం సిద్ధంగా ఉండాలి.

సెలవు. జై ఆదివాసీ!